తగ్గని నీరసం: మన బడిని కనిపెట్టుకుని ఉండేవాళ్ల గురించి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం ‘సాంకేతిక రంగంలో మన బడి విద్యార్థులు’. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్లు నా తర్వాత ఇద్దరున్నారు. అందుకని ఆయన అనుమతి తీసుకునే వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. ఇది మన బడి ఆవరణలోదే, నా ఉద్యోగానికి దగ్గరదే. రసాయన కర్మాగారాల్లో దాదాపు ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాను. గాలి ఎటు పోవాలి, పొగ ఎటు పోవాలి, ఆసిడ్ పట్టుకునే మనిషి చేతికీ ముక్కుకీ ఏముండాలి అని చూడడమే నా పని. ఆ కళ్లతో ఈ రెండు నెలలూ ఉత్సవ ఏర్పాట్ల కోసం బడి చుట్టూ తిరిగాను. అప్పుడు చూసినవే చెబుతాను.

మేం చదువుకునే రోజుల్లో ఈ బడిలో అటెండరు, రాత్రి వాచ్‌మన్, స్వీపరు, కుండల్లో నీళ్లు నింపే ఆవిడ, మొత్తం నలుగురు ఉండేవారు. రైలు పట్టా ముక్క మీద గంట కొట్టే అటెండరు గారిని మా వయసువాళ్లెవరూ మరిచిపోరు. గంట కంటే ముందు ఆయన దగ్గు వినిపించేది. ఆ దగ్గు క్షయ అని తేలిందనీ, జీతంతో సహా మెడికల్ లీవు ఇచ్చి ఆయన్ని ఆసుపత్రికి పంపారనీ, నెలల తర్వాత తిరిగొచ్చి అదే పట్టా ముక్క దగ్గర నిలబడ్డారనీ అప్పటి మా హెడ్మాస్టారు మొన్న చెప్పారు. అటెండరు గారిది లాస్ట్ గ్రేడ్ ఉద్యోగం. పేరుకి అది చివరి మెట్టే గానీ స్కేలుంది, సెలవుంది, పెన్షనుంది. రోగమొస్తే పడుకునే హక్కు ఉంది.

వాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. ఆ పోస్టులు మళ్లీ నిండలేదు. ఇప్పుడున్నది నెలకు 6,000 రూపాయల గౌరవ వేతనం మీద ఒక ఆయమ్మ, ఒక నైట్ వాచ్‌మన్. మధ్యాహ్న భోజనం వండే ముగ్గురు ఆడవాళ్లకు నెలకు 3,000. వాళ్లకు కేంద్రం 2009లో నిర్ణయించినది నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. మన రాష్ట్రంలో అది 2019లో 3,000 అయ్యింది. భోజన పథకం పేరు ప్రభుత్వంతోపాటు మారుతూ వస్తోంది. ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, నిండైన పేరు, సంతోషమే. ఆ తల్లి గోదావరి లంకల్లో అన్నం పెట్టిందని చదువుకున్నాం. అన్నం వండేవాళ్లకు ఇచ్చేదానికి గౌరవ వేతనం అనే పేరు ఎవరు పెట్టారో మాత్రం నాకు అంతుపట్టదు.

జనవరిలో ఒకరోజు మన ఆయమ్మ మరుగుదొడ్ల దగ్గర గోడకానుకుని కూర్చుని ఉంది. సంగతి సభలో చెబుతానంటే సరేనంది, పేరు మాత్రం వద్దంది.

“ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?” అని అడిగాను.

“ఏం లేదు బాబూ, నీరసం. పడుకుంటే లేవబుద్ధి కాదు, లేస్తే నిలబడబుద్ధి కాదు.”

“ఎన్నాళ్లనుంచమ్మా?”

“కరోనా వచ్చి పోయిన కాడ్నించీ అనుకుంటా. అంతకుముందూ ఉందేమో. ఎవురు లెక్కపెట్టారు?”

నీరసానికి ఆమె చేసుకుంటున్న వైద్యం ఏమిటో కూడా అడిగాను. మన ఊళ్లన్నిటిలో జరిగేదే. రెండు నెలలకోసారి ఆర్‌ఎంపీ దగ్గర బలానికని సెలైన్ ఎక్కించుకుంటుంది. సీసాకి, సూదికి కలిపి 500 రూపాయలు, అంటే ఆమె రెండున్నర రోజుల సంపాదన. సెలైన్ అంటే ఉప్పునీళ్లు. వాంతులు, విరేచనాలతో నీరు పోయినవాళ్లకు అది ప్రాణం నిలుపుతుంది, నీరసానికి మాత్రం మందు కాదు. దానికి తోడు నడుంనొప్పికి మందుల షాపులో ఇచ్చే నొప్పుల బిళ్ల. రోజూ పొద్దున్నే ఒకటి, అదీ టీతో, నాలుగేళ్లుగా.

మా బ్యాచ్‌లో డాక్టరైన మిత్రుడు సంక్రాంతికి వచ్చినప్పుడు ఆమెను చూసి పరీక్షలు చేయించాడు. హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది. ఆడవాళ్లకు 12 ఉండాలి, 8 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క. ఇక్కడ అతను చెప్పిన మెలిక మీరూ వినాలి. ఆ నొప్పుల బిళ్లలు రోజూ, ఏళ్ల తరబడి వేసుకుంటే కడుపులో పుండ్లు పడి, కంటికి కనబడకుండా కొంచెం కొంచెంగా రక్తం పోతుంది. మూత్రపిండాలకూ చేటే. నడుం వంచి ఊడ్చి ఊడ్చి నొప్పి, నొప్పికి బిళ్ల, బిళ్లతో రక్తం పోవడం, రక్తం లేక నీరసం, ఆ నీరసంతోనే మళ్లీ ఊడ్చడం. కర్మాగారంలో ఒక పంపు ఇలా చుట్టూ తిరిగి తననే పాడుచేసుకుంటుంటే మేం సాయంత్రానికల్లా దాన్ని ఆపేస్తాం.

రక్తహీనత ఈమె ఒక్కదాని కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇంత మామూలైపోయింది గనకే దాన్ని ఎవరూ జబ్బనుకోరు. బద్ధకం అంటారు, వయసు అంటారు. మా ఆఫీసుల్లో అలసిపోతే బర్నౌట్ అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఆ మాటను పనికి సంబంధించిన విషయంగా తన జాబితాలో వివరించింది. మాకు మాట ఉంది, కౌన్సెలింగ్ ఉంది. ఆయమ్మకు ఒళ్లు బరువుగా ఉండడమొక్కటే ఉంది.

రెండో పరీక్ష గొట్టంలోకి గట్టిగా ఊదించేది, స్పైరోమెట్రీ అంటారు. ఆమె శ్వాసనాళాలు సన్నబడ్డాయని అందులో తేలింది. ఆమె చుట్ట కాల్చదు, బీడీ ముట్టదు. మరి ఎందుకు? కరోనా తగ్గాక నెలల తరబడి వదలని ఆయాసం, నీరసం ఉంటాయని ఇప్పుడు అందరికీ తెలుసు. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది. ఇక్కడ మరుగుదొడ్లున్నాయి. దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేనని డాక్టరు నిజాయితీగానే చెప్పాడు. మొదటి రెండిటి మీదా నాకు అధికారం లేదు. మూడోది నా పనే గనక వెళ్లి చూశాను.

అక్కడ ఒక బకెట్లో బ్లీచింగ్ పౌడరు, గట్టు మీద టాయిలెట్ ఆసిడ్ సీసా, మూలన ఫినాయిలు. మరక పోకపోతే ముందు బ్లీచింగ్ చల్లి, దాని మీదే ఆసిడ్ పోస్తానని ఆయమ్మ చెప్పింది. “పోయంగానే పొంగుద్ది బాబూ, ఘాటుకి కళ్లమ్మట నీళ్లొస్తయ్. అప్పుడే తెల్లంగా వస్తది.” ఆ పొంగులో వచ్చేది క్లోరిన్ వాయువు. పదో తరగతి పిల్లలు చేయి ఎత్తి చెప్పగలిగే రసాయన చర్య. 1915లో ఈప్రా దగ్గర యుద్ధంలో సైనికుల మీదికి వదిలినదీ ఆ వాయువే. అది గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేలబారునే నిలుస్తుంది. మన మరుగుదొడ్డికి కిటికీ ఏడడుగుల ఎత్తున ఉంది. ఆయమ్మ ముక్కు, ఆమె గొంతుక్కూర్చుని రుద్దుతున్నప్పుడు, రెండడుగుల ఎత్తున ఉంటుంది.

మా కర్మాగారంలో క్లోరిన్ ఉన్న షెడ్డులోకి వెళ్లాలంటే అనుమతి పత్రం కావాలి, ముఖానికి మాస్కు కావాలి, బయట ఇంకొకడు కాపలా ఉండాలి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకరమైన పనుల్లో ఉన్నవాళ్లకు చేరే ముందూ, ఆ తర్వాత ఏడాదికోసారీ వైద్య పరీక్ష తప్పనిసరి చేశారు. బడి ఫ్యాక్టరీ కాదు గనక ఆ చట్టం ఇక్కడి గేటు దాటి రాలేదు. ఊపిరితిత్తులకు ఆ తేడా తెలియదు కదా.

ఒకసారి పీల్చినంత మాత్రాన ఏమవుతుందని కొందరు మిత్రులు అన్నారు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరు వేలమందికి పైగా మనుషులను ఇరవై ఏళ్లపాటు గమనించిన వివరాలవి. శుభ్రం చేయడమే వృత్తిగా ఉన్న ఆడవాళ్లలో ఊపిరితిత్తుల శక్తి మిగతావాళ్లకంటే వేగంగా తగ్గుతూ వచ్చింది. ఆ తరుగును వాళ్లు ఏళ్ల తరబడి సిగరెట్లు తాగినవాళ్ల తరుగుతో పోల్చారు. యూరప్‌లో మాపులు, చేతితొడుగులు, కిటికీలు ఉన్నచోట సంగతి అది.

అసలు ఆ మరక ఎందుకు పడుతోంది? ఇంజనీరుగా నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే. మన బోరు నీళ్లు కఠిన జలం. సిస్టర్న్‌లో వాషర్ అరిగి రాత్రంతా సన్నగా నీరు కారుతుంది. కారినచోట గారపట్టి పసుపు చార వస్తుంది. కొన్నేళ్లపాటు రోజూ మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో పెట్టాల్సి వచ్చేది, ఆ బాధ ఇక్కడి ఉపాధ్యాయులకు నాకంటే బాగా తెలుసు. ఫొటోలో చార కనబడకూడదు. చార పోవాలంటే ఆసిడ్. అంటే చిన్న రబ్బరు వాషర్ మార్చకపోవడం వల్ల ఒక మనిషి రోజూ ఆసిడ్ పొగ పీలుస్తోంది. పదకొండు సిస్టర్న్‌లు చూస్తే ఏడు కారుతున్నాయి. వాషర్ల ఖర్చు ఈ వేదిక మీద ఉన్న పూలదండల ఖర్చు కంటే తక్కువ. క్షమించాలి, దండలు తెచ్చినవాళ్లు నా మిత్రులే.

ఇంకొకటి బకెట్లు. కుళాయి హెడ్మాస్టారి గది వెనకాల ఉంది, మరుగుదొడ్లు గ్రౌండు చివర. రోజుకు ముప్పై బకెట్లు మోస్తానని ఆయమ్మ లెక్క చెప్పింది. పదిహేను లీటర్ల బకెట్ పదిహేను కిలోలు, అంటే రోజుకు 450 కిలోలు, 7.6 హిమోగ్లోబిన్‌తో. అక్కడిదాకా పైపు వేసి రెండు కుళాయిలు బిగిస్తే ఆ 450 కిలోలు సున్నా అవుతాయి.

వంటగది గురించి కూడా కొంచెం లెక్క చెబుతాను. పెద్ద తరగతుల పిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం. రెండు వందలమంది తింటే 30 కిలోలు. ఉడికాక అది 75 కిలోల పైనే. రెండు గుండిగల్లో వండితే ఒక్కోటి, పాత్ర బరువు వేరే, 40 కిలోలకు దగ్గర. గంజి వార్చడానికి ఇద్దరాడవాళ్లు మసిగుడ్డలు పట్టుకుని పొయ్యి మీంచి దాన్ని దించుతారు. బరువులెత్తే పనికి అమెరికాలోని నియోష్ సంస్థ సూత్రాన్ని మేం వాడతాం. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తున, ఒక మనిషికి 23 కిలోలు దాని గరిష్ఠ హద్దు. మండే పాత్రను ఒంటికి దూరంగా, వంగి పట్టుకుంటే ఆ హద్దు సగానికి పైగా పడిపోతుంది. గ్యాస్ బండ ఆలస్యమైన రోజుల్లో కట్టెల పొయ్యి, పైన రేకు, పొగ పోయే దారి లేదు. ఆ ముగ్గురిలో ఒకావిడ వంట అయ్యాక అరగంట మాట్లాడలేదు, ఊపిరి అందక. మనం ఆవిడది మితభాషి స్వభావం అనుకుంటున్నాం.

వాచ్‌మన్ గారి సంగతి టూకీగా చెబుతాను. రాత్రి బడి, పగలు కూలి, మధ్యలో నాలుగు గంటల నిద్ర. చక్కెర జబ్బుంది. మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితమే గానీ వాటికోసం వరసలో నిలబడే పూట కూలి పోతుంది.

వీళ్లందరిలో నాకు ఉమ్మడిగా కనబడిన భయం జబ్బు కాదు, సెలవు. ఆయమ్మకు ఒంట్లో బాగాలేని రోజున తన చెల్లెల్ని పంపి, సొంత డబ్బు నుంచి 300 ఇస్తుంది. ఆమె రోజు సంపాదన 200. అంటే జబ్బు చేసిన రోజుకు వంద రూపాయల జరిమానా. వారం రోజులు రాకపోతే వేరేవాళ్లను పెట్టేస్తారేమోనని డాక్టరు రమ్మన్న తేదీకి కూడా వెళ్లలేదు. ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007లో మొదలైన ఆ పథకం ఎందరినో నిలబెట్టింది, కాదనను. అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలకు. మంచాన పడేదాకా నడుస్తూనే ఉండే నీరసానికి అందులో చోటు తక్కువ. ఈఎస్‌ఐ కార్డు ఉన్న కార్మికుడికైతే జబ్బు రోజుల్లో ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం వస్తుంది. క్షయ లాంటి దీర్ఘవ్యాధికైతే రెండేళ్ల వరకు 80 శాతం. దానికోసం యజమాని కట్టేది వేతనంలో 3.25 శాతం. 6,000 మీద 195 రూపాయలు. మన ఆయమ్మకు ఆ కార్డు లేదు. ఆమెది వేతనం కాదు, గౌరవం.

ఇది ప్రభుత్వం చేయాల్సిన పని, మనమెందుకు చేయాలని కార్యవర్గంలో ఒక పెద్దాయన అడిగారు. సరైన ప్రశ్నే. మనం చేసేస్తే ప్రభుత్వం ఇక చేయదన్న భయమూ నాకుంది. అందుకే రెండు పనులూ కలిపి అడుగుతున్నాను. ఆయాలకు, వంటవాళ్లకు, వాచ్‌మన్లకు ఈఎస్‌ఐ, జీతంతో కూడిన సెలవు కావాలని ఈ సభ తరఫున ఒక వినతిపత్రం వెళ్లాలి. మనలో ఇద్దరు ప్రభుత్వంలో పెద్ద హోదాల్లో ఉన్నారు, దాన్ని చేతికిచ్చి రాగలరు. ఆ జవాబు వచ్చేలోగా ఆ ఊపిరితిత్తులు ఆగవు.

స్వర్ణోత్సవ జ్ఞాపకంగా గేటు దగ్గర ఆర్చి కట్టాలని తీర్మానం ఉంది. నమూనా బొమ్మ కూడా చూశాను, బాగుంది. దాన్ని ఒక ఏడాది వాయిదా వేయమని నా ప్రతిపాదన. ఆ మొత్తంలో సగం కూడా పట్టదు, అంచనా వేసి సంఘానికి ఇచ్చాను: వాషర్లు, పైపు లైను, నిలబడి ఊడ్చే పొడుగు కర్ర చీపుర్లు, బ్రష్షులు, నేలబారు గాలిని బయటికి లాగేలా కింద అమర్చే ఎగ్జాస్ట్ ఫ్యాను, వంటగదికి పొగగొట్టం, గుండిగను ఎత్తకుండా వంచి గంజి వార్చే ఇనుప స్టాండు. స్టాండు గీత నేనే గీశాను, మన ఊరి వెల్డరు రెండు రోజుల్లో చేస్తానన్నాడు. ఆసిడ్ సీసా మాత్రం బడి ఆవరణలోకే రాకూడదు. బ్లీచింగ్ ఒక్కటే, నీళ్లలో కలిపి, ఏ ఇతర మందుతోనూ కలపకుండా వాడాలి.

మిగిలిన డబ్బుతో ఒక చిన్న నిధి. దానికి రెండే ఖర్చులు. ఏడాదికోసారి ఈ అయిదుగురికీ రక్త పరీక్ష, ఊదే పరీక్ష, చక్కెర పరీక్ష. మన డాక్టరు మిత్రులు నలుగురు ఒప్పుకున్నారు. రెండోది ముఖ్యం: జబ్బు చేసి రాలేని రోజున బదులు మనిషికి ఇచ్చే 300 ఈ నిధి ఇస్తుంది. ఆయమ్మ 200 ఆమెకే ఉంటుంది, ఆమె పని ఆమెకే ఉంటుంది. దీనికి హెడ్మాస్టారి సంతకం చాలు, ఎవరి దగ్గరా చేయి చాచనక్కర్లేదు. ఏడాదికి మనిషికి ముప్పై రోజులు అనుకుని లెక్కవేశాను. ఆ లెక్క ఈ సంచిక చివర సంఘం జమాఖర్చుల పట్టికతో పాటు వేయమని సంపాదకులను కోరుతున్నాను, తప్పులుంటే పట్టుకోండి.

ఆయమ్మ ఇప్పుడెలా ఉందని అడుగుతారు. నొప్పుల బిళ్ల మానేసింది, ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. రక్తం పదికి దగ్గరపడింది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. ఆయాసం మాత్రం అలాగే ఉంది, పీల్చే మందు వాడుతోంది, అది పూర్తిగా పోతుందని డాక్టరు మాట ఇవ్వలేదు.

రేపు ఉదయం 8 గంటలకు, పిల్లలు రాకముందు, పైపు లైనుకు కొలతలు తీసుకుంటున్నాం. టేపు నా దగ్గరుంది. ప్లంబింగు తెలిసినవాళ్లు, తెలియకపోయినా పార పట్టగలవాళ్లు హెడ్మాస్టారి గది వెనకాల కుళాయి దగ్గరికి రండి. సెలవు.